నా పొట్ట, నా కిడ్నీలు, మా కోడలి ఈత

నేను లావు మనిషిని కాను. ఇది నా గొప్ప కోసం చెప్పుకుంటున్న మాట కాదు, ఊరంతా అనేదే. పెళ్ళిళ్ళలో నా ఈడు ఆడవాళ్ళు నా మణికట్టు పట్టుకుని చూసి, "నీకేటే, యాభై దాటినా చువ్వలాగున్నావు" అనేవారు. నిజమే. చేతులు సన్నం, కాళ్ళు సన్నం, మెడ సన్నం. మధ్యలో పొట్ట మాత్రం ఉండేది. అది చీర కుచ్చిళ్ళ వెనక దాగిపోయేది. ఎవరూ దాన్ని లెక్కలోకి తీసుకోలేదు, నేనూ తీసుకోలేదు.

మేముండేది నడిసముద్రంలో దీవుల మీద, హోప్ టౌన్ అనే ఊళ్ళో. మా ఆయన పడవ మీద వేటకెళ్తాడు. గోల్ ఘర్‌లో మాకో చేపల దుకాణం ఉంది. పొద్దున్నే ఫెర్రీ ఎక్కి అవతలికి పోయి నేను ఆ దుకాణంలో కూర్చుంటాను. పెళ్ళైన కొత్తలో తట్ట నెత్తిన పెట్టుకుని ఇంటింటికీ తిరిగి చేపలు అమ్మినదాన్నే. దుకాణం వచ్చాక స్టూలు వచ్చింది. స్టూలెక్కాక మోకాళ్ళ నొప్పులు వచ్చాయి. నొప్పులకి మెడికల్ షాపులో బిళ్ళలు కొనుక్కుని వేసుకోవడం అలవాటైంది. షుగరైతే అంతకు ముందు నుంచే ఉంది. దానికీ ఓ బిళ్ళ వేసుకుని, చాయ్‌లో చక్కెర మానేసి, నా వంతు పని అయిపోయిందనుకున్నాను. పక్క కొట్టు సమోసాలో చక్కెర ఉండదు కదా, అది మాత్రం రోజూ తినేదాన్ని.

ఒకసారి కాళ్ళ వాపు చూపించుకుందామని ఆసుపత్రికి వెళ్ళాను. అక్కడి డాక్టరమ్మ రక్తంతో పాటు ఒంటేలు కూడా పరీక్షకి ఇమ్మంది. కొన్నాళ్ళ తర్వాత మళ్ళీ ఒకసారి ఇమ్మంది. రెండోసారి కాగితాలు చూసి కుర్చీ ముందుకి జరుపుకుని కూర్చుంది. ఆమెకి తెలుగు రాదు. మేం మాట్లాడుకున్నదంతా హిందీలోనే, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"మీ ఒంటేలులో ప్రొటీన్ పోతోందమ్మా. కొంచెమే. రెండుసార్లూ పోయింది. అంటే కిడ్నీల జల్లెడ వదులవడం మొదలైందన్నమాట."

కిడ్నీ అన్న మాట వినగానే నాకు చెవులు గుయ్యిమన్నాయి. ఎందుకో చెప్పాలి. మా పుట్టింటివాళ్ళది ఉద్దానం వైపు తీరం. ఆ ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్ళల్లో దీపాలు ఆర్పేసిందో తెలుగువాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఎందుకొస్తుందో పెద్ద పెద్ద చదువులవాళ్ళు కూడా ఇదీ అని తేల్చలేదంటారు. మా పెద్దన్నయ్య ఆ జబ్బుతోనే పోయాడు. నేను ఓడెక్కి, రైలెక్కి వెళ్ళేసరికి ఆయన మంచం మీద ముడుచుకుని ఉన్నాడు. పడవ తెడ్డు లాంటి చేతులు, ఎండుకొమ్మల్లా అయిపోయాయి. "ఏటి చేసుంటే బాగుండేదో ఎవలూ సెప్పలేదే చెల్లీ" అన్నాడు. నాతో ఆయనన్న చివరి మాటల్లో అదొకటి.

డాక్టరమ్మకి ఆ సంగతి చెప్పి ఏడ్చేశాను. "ఇది మా రక్తంలోనే ఉందమ్మా, నా పని అయిపోయింది" అన్నాను.

ఆమె నన్ను ఏడవనిచ్చింది. తర్వాత సొరుగులోంచి రిబ్బను ఒకటి తీసింది. నన్ను గోడకి ఆనించి నిలబెట్టి, తల నుంచి మడమ దాకా కొలిచి, అంత మేరకి కత్తిరించింది. దాన్ని సగానికి మడిచింది.

"ఇప్పుడు దీన్ని మీ బొడ్డు చుట్టూ తిప్పండి."

తిప్పాను. కొసలు కలవలేదు. మధ్యలో నాలుగు వేళ్ళు దూరేంత ఎడం మిగిలింది.

"మనిషి నడుము ఆ మనిషి ఎత్తులో సగం దాటకూడదు. మీ బరువు చూస్తే ఏ లోపమూ లేదు. కానీ ఉన్న కొవ్వంతా ఇక్కడ, పొట్ట లోపల, పేగుల చుట్టూ చేరింది. షుగరున్న మనిషికి చేతుల మీదా తొడల మీదా ఉండే కొవ్వు కంటే ఈ కొవ్వు చెడ్డది. బీపీ పెంచుతుంది, ఇన్సులిన్‌ని పని చెయ్యనివ్వదు, కిడ్నీల మీద బరువు మోపుతుంది. మీ అన్నగారి జబ్బు వేరమ్మా. ఆయనకి ఎందుకొచ్చిందో నాకు తెలియదు. మీకు ఎందుకొస్తోందో తెలుసు. ఇంకా మొదట్లోనే ఉన్నాం."

"అయితే వెనక్కి పోతుందా?"

"పోవచ్చు. పోకపోయినా ఆగవచ్చు. ఆ మాట నేను అందరికీ చెప్పలేను, మీకు చెప్పగలుగుతున్నాను."

బీపీకి ఒక బిళ్ళ రాసింది. అది కిడ్నీలకీ కాపలా కాస్తుందట. మోకాలి నొప్పి బిళ్ళలు ఆ రోజుతోనే ఆపెయ్యమంది, అవి కిడ్నీలని తినేస్తాయట. ఉప్పు తగ్గించాలి. అన్నం తగ్గించాలి. పొట్ట తగ్గాలంటే ఒళ్ళు కదలాలి, రోజూ కదలాలి.

ఇంటికొచ్చి చెప్తే మా ఆయన వల పక్కన పడేశాడు. ఆయన మా మేనమామ కొడుకే, మా అన్నయ్యతో కలిసి పెరిగినవాడు. "మన నుదుట రాసుందే అది. ఏటి సేత్తాం" అన్నాడు.

"డాక్టరమ్మ అలాగనలేదు బావా. చెయ్యడానికుంది అంది."

"ఆళ్ళు అలాగే అంటారు."

గుమ్మంలో నిలబడి మా కోడలు ఇదంతా వింటోంది. ఆ పిల్లది ఫెరార్గంజ్. తాత ముత్తాతలు రాంచీ వైపు నుంచి అడవులు కొట్టే పనికి ఈ దీవులకి వచ్చినవాళ్ళు. మావాడు ప్రేమించి చేసుకున్నాడు. స్కూల్లో ఆటలు నేర్పే టీచరు. తెలుగు కొద్దిగా వచ్చు, రాని చోటల్లా హిందీ పెట్టి అతికిస్తుంది. మా ఇంటికొచ్చి రెండేళ్ళు కావస్తున్నా మా ఇద్దరి మధ్యా అప్పటికి "కూర అయ్యిందా", "అయ్యింది" మాటలే ఎక్కువ.

ముందు నడక మొదలుపెట్టాను. ఒడ్డు రోడ్డున పొద్దున్నే నడిచేదాన్ని. వారం తిరక్కుండానే కుడి మోకాలు కొబ్బరిబోండాంలా వాచింది. నొప్పి బిళ్ళ వేసుకోవడానికి లేదు. మంచం మీద కాలు చాపుకుని పడుకుని, అయిపోయింది, ఇదీ మూసుకుపోయింది అనుకున్నాను. ఇల్లంతా వినపడేలా ఆ దేవుణ్ణీ ఈ దేవుణ్ణీ తిట్టుకున్నాను.

అప్పుడు కోడలు వేడినీళ్ళ సంచి తెచ్చి మోకాలి మీద పెట్టి, నా పక్కనే మంచం మీద కూర్చుంది. అలా కూర్చోవడం అదే మొదటిసారి.

"అమ్మా, చల్‌నా నహీ హోతా తో తైర్‌నా. నడక కాదు. ఈత."

"ఓలమ్మో! ఈతా? నేనా?"

"నీళ్ళల్లో మోకాలుకి వజన్ ఉండదు, బరువు పడదు. నేను నేర్పిస్తా. సబ్‌కో సిఖాతీ హూఁ, అందరికీ నేర్పుతా, మీకు ఎందుకు నేర్పను?"

నవ్వొచ్చింది నాకు. పుట్టిందీ పెరిగిందీ సముద్రం ఒడ్డునే. మా ఇంట తిన్న ప్రతి మెతుకూ సముద్రమే పెట్టింది. కానీ నేను మోకాలి లోతు దాటి ఎప్పుడూ దిగలేదు. మా ఆడవాళ్ళెవరూ దిగరు. పడవ ఒడ్డుకొస్తే తట్ట పట్టుకుని వెళ్తాం, పండక్కి గంగమ్మకి పసుపూ కుంకుమా వేస్తాం, అంతే. మగవాడు వేటలో ఉండగా ఆడది నీళ్ళల్లో దిగితే అరిష్టమని మా అత్తగారు చెప్పేది. ఆమెకి వాళ్ళ అత్తగారు చెప్పింది.

అయినా ఒప్పుకున్నాను. ఎందుకొప్పుకున్నానంటే, ఆ పిల్ల "మీకు ఎందుకు నేర్పను" అన్నప్పుడు గొంతు కొంచెం వణికింది. నన్నడగడానికి ఎంత కూడగట్టుకుందో నాకర్థమైంది.

మా ఊరి చివర రాళ్ళు దాటాక ఒక చిన్న ఇసుక మలుపు ఉంది. రాళ్ళు అడ్డు కట్టి ఉంటాయి కాబట్టి కెరటం విరిగి లోపలికి వస్తుంది. అక్కడికి మొసళ్ళు రావని ఊళ్ళో ఇద్దరు ముగ్గురు పాత వేటగాళ్ళు చెప్పినా నమ్మక, మా కోడలు ప్రతిసారీ రాయెక్కి నాలుగు వైపులా చూసి గానీ నన్ను దింపేది కాదు. ఇక్కడ ఐదింటికే తెల్లవారిపోతుంది కదా, ఊరు లేచేలోపు వెళ్ళేవాళ్ళం.

మొదటి రోజు నైటీతో దిగాను. నైటీ గాలి నింపుకుని నా చుట్టూ గొడుగులా లేచింది. దాన్ని అణుచుకుంటూ నేను నీళ్ళని చూడనే లేదు. మర్నాటికి మావాడి పాత టీ షర్టు, కోడలి లెగ్గింగు. అద్దంలో చూసుకుంటే చీర ఇన్నాళ్ళూ దాచిన పొట్ట దర్జాగా ముందు నిలబడి ఉంది. సిగ్గుతో తువ్వాలు కప్పుకుని సందులోంచి కుంటుకుంటూనే గబగబా పోయాను.

మెడ లోతులో నన్ను వెల్లకిలా పడుకోమంది.

"పేట్ ఊపర్. పొట్ట పైకి. దాచకండమ్మా, పైకి పెట్టండి."

నా వీపు కింద రెండు చేతులూ పెట్టింది. నేను చెక్కలా బిగుసుకుపోయాను. చెవుల్లోకి నీళ్ళొచ్చాయి. అన్నయ్య గుర్తొచ్చాడు, మా అత్తగారు గుర్తొచ్చింది, మునిగిపోతే దుకాణం తాళాలు ఎక్కడున్నాయో ఎవరికి తెలుసు అనుకున్నాను. కాళ్ళు కిందికి పోయాయి, ముక్కులోకి ఉప్పు ఎక్కింది, లేచి దగ్గాను. మళ్ళీ పడుకోబెట్టింది. మళ్ళీ మునిగాను. ఎన్నిసార్లో గుర్తులేదు. ఒకసారి మాత్రం ఆకాశం మీద చూపు నిలిచింది. ఒళ్ళు ఎప్పుడు వదులైందో తెలియదు. చూస్తే మా కోడలు రెండు చేతులూ గాల్లోకెత్తి నించుని ఉంది.

"దేఖో! నేను పట్టుకోలేదు!"

నేను తేలుతున్నాను. అన్నిటికన్నా పైన పొట్ట తేలుతోంది. అది చూసి నాకు పెద్దగా నవ్వొచ్చింది, నవ్వేసరికి బుడుంగున మునిగాను. లేచాక ఇద్దరం ఒకళ్ళనొకళ్ళం పట్టుకుని నవ్వాం. ఆ పిల్ల నవ్వు అంత పెద్దదని నాకు అప్పటిదాకా తెలియదు.

వంట దగ్గర మాత్రం ఇంత సరదా లేదు. నీళ్ళల్లో దిగడం ఒక ఎత్తు, ఎండుచేప మానడం ఒక ఎత్తు. మా వాళ్ళకి ఎండుచేప లేకపోతే అన్నం దిగదు. అది ఉప్పులోనే పుట్టి ఉప్పులోనే పెరిగింది. పచ్చి చేపకి చింతపండు, మిరియాలు, అల్లం ఎక్కువ వేసి ఉప్పు లోపం కప్పిపెట్టడం నేర్చుకున్నాను. అన్నం తగ్గించి ఆ జాగాలో ఆనపకాయ, బీరకాయ, తోటకూర పెట్టుకున్నాను. మొదటి నెలంతా మా ఆయన కంచం ముందు కూర్చుని, "ఇది ఇల్లా, ఆస్పత్రా?" అనేవాడు. ఆయనకి విడిగా ఎండుచేప వేయించి పెట్టి, ఆ వాసనకి పెరట్లోకి వెళ్ళి నిలబడేదాన్ని.

ఈత సంగతి ఆయనకి చెప్పలేదు. ఒక రోజు వేట తొందరగా ముగించుకుని తిరిగొస్తూ రాళ్ళ మలుపు పక్కనుంచి వచ్చాడు. నేను అప్పటికి కప్పలా కాళ్ళు కొట్టుకుంటూ నాలుగు బారలు పోగలుగుతున్నాను. ఇంజను శబ్దం ఆగిపోయింది. తలెత్తి చూస్తే పడవ మీద మా ఆయన.

"ఏటే అది? ఎవుతివే నువ్వు?" అని కేకేశాడు. మనిషినే పోల్చుకోలేదు. పోల్చుకున్నాక కేక ఇంకా పెద్దదైంది. "సిగ్గు నేదా? నేను నీళ్ళ మీదుంటే నువ్వు నీళ్ళల్లో దొర్లుతావా? గంగమ్మతల్లి ఊరుకుంటాదేటి? ఎక్కు ఒడ్డు!"

కోడలు భయపడి నా వెనక్కి జరిగింది. నేను మెడ లోతులో నిలబడే మాట్లాడాను. అంతకు ముందు ఆయనతో అలా ఎప్పుడూ మాట్లాడలేదు.

"బావా, అన్నయ్యకి ఏటి చెయ్యాలో చెప్పినోళ్ళు లేరు. నాకు చెప్పారు. చెప్పింది చెయ్యకుండా నేను మంచమెక్కితే గంగమ్మ మెచ్చుకుంటాదా? నేనొడ్డెక్కను. నువ్వు పో, చేపలు పాడైపోతాయి."

ఆయన ఇంజను తిప్పి వెళ్ళిపోయాడు. ఆ రోజు భోజనం దగ్గర ఎండుచేప వడ్డించబోతే చెయ్యి అడ్డం పెట్టి, "ఒద్దులే, నీకు పెట్టుకున్నదే నాకూ పెట్టు" అన్నాడు. క్షమించాడనుకోవాలో, అలిగాడనుకోవాలో తెలియక పెట్టేశాను. మొత్తం తిన్నాడు.

కొన్ని నెలలకి మళ్ళీ పరీక్ష. ఎంతో ఆశతో వెళ్ళాను. షుగరు దిగింది, బీపీ దిగింది, కానీ ప్రొటీన్ అంతే పోతోంది. రిబ్బను కొసల మధ్య ఎడం నాలుగు వేళ్ళ నుంచి మూడుకి వచ్చిందంతే. ఫెర్రీలో కోడలి పక్కన కూర్చుని ముఖం పక్కకి తిప్పుకున్నాను.

"అమ్మా, పెరగలేదు కదా. రుకా హై. ఆగింది. ఆగిన బండినే వెనక్కి తిప్పగలం. పరిగెత్తే బండిని తిప్పలేం."

పిల్లలకి ఆటలు నేర్పే మనిషి కదా, ఓడిపోయినవాళ్ళతో ఎలా మాట్లాడాలో తెలుసు. మర్నాడు పొద్దున్న నేనే ముందు లేచి ఆ పిల్ల గది తలుపు కొట్టాను.

వానలు ముదిరి సముద్రం నల్లబడ్డ రోజుల్లో నీళ్ళల్లోకి వెళ్ళలేకపోయాం. ఇంట్లోనే గోడకి చేతులు ఆనించి, కుర్చీలో కూర్చుని కాళ్ళెత్తి, ఆ పిల్ల చెప్పిన కసరత్తులన్నీ చేశాను. రోజంతా కూర్చుండిపోకుండా దుకాణంలో స్టూలు తీయించేశాను. వానలు తగ్గగానే మళ్ళీ దిగాం. మోకాలి నొప్పి ఎప్పుడు సర్దుకుందో సరిగ్గా చెప్పలేను. ఒక రోజు ఫెర్రీ మెట్లు కమ్మీ పట్టుకోకుండా ఎక్కి, ఎక్కాక గమనించుకున్నాను.

ఒక ఆదివారం మా ఆయన పడవ తెచ్చి రాళ్ళ మలుపుకి అవతల లంగరు వేశాడు. వల కుట్టుకోవడానికన్నాడు. వల ఒళ్ళో ఉంది గానీ సూది కదల్లేదు. చూడ్డానికొచ్చాడని మాకు తెలుసు.

కోడలు నా చెవిలో, "పడవ దాకా వెళ్దామా?" అంది.

ఒడ్డు నుంచి పడవ దాకా నేనెప్పుడూ పోలేదు. మధ్యలో కాలికి అందని లోతు. కింద నీలం ముదురుతుంది. "పద" అన్నాను. ఆ పిల్ల నా పక్కనే, ఒక చెయ్యి దూరంలో వచ్చింది. తాకలేదు. సగం దూరంలో కాలు కిందికి వేసి చూశాను, ఏమీ తగల్లేదు. వెల్లకిలా తిరిగి కాసేపు తేలి ఊపిరి తీసుకున్నాను. మళ్ళీ బోర్లా తిరిగి బార వేశాను. ఇంకోటి. ఇంకోటి. చేతికి గట్టిగా, పాకుడు పట్టిన చెక్క తగిలింది. పడవ అంచు పట్టుకున్నాను.

పైన మా ఆయన నిలబడి ఉన్నాడు. వల జారి కింద పడింది. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. ఉప్పుగాలికి అంటాడేమో, నేను అడగలేదు.

"రాయే, సెయ్యియ్యి. ఎక్కు" అన్నాడు.

"ఎక్కను. ఈదుకుంటూ వచ్చాను, ఈదుకుంటూనే పోతాను. చూడు."

తిరిగి ఒడ్డు దాకా ఈదాను. వెనక నుంచి ఈల వినిపించింది. పెళ్ళైన ఇన్నేళ్ళలో మా ఆయన నాకు ఈల వెయ్యడం అదే మొదలు. ఒడ్డున ఇసుకలో మోకాళ్ళ మీద కూలబడి, రెండు గుప్పిళ్ళు ఇసుక పట్టుకుని గట్టిగా అరిచాను. ఏమని అరిచానో నాకే తెలియదు. మాట కాదది.

ఏడాది దాటాక చేసిన పరీక్ష రోజున డాక్టరమ్మ కాగితం రెండుసార్లు చదివింది. తర్వాత సొరుగు తెరిచి నా రిబ్బను తీసింది. దాచిపెట్టింది! బొడ్డు చుట్టూ తిప్పింది. కొసలు కలిశాయి, కలిసి కొంచెం ఒకదాని మీదికి ఒకటి వచ్చాయి కూడా.

"ప్రొటీన్ మామూలు హద్దులోకి వచ్చేసిందమ్మా. కిడ్నీలు చక్కగా పని చేస్తున్నాయి. బిళ్ళలు మానకూడదు. పరీక్షలు మానకూడదు. షుగరు ఎక్కడికీ పోలేదు, గుర్తుంచుకోండి."

"ఈత?"

"ఈత మానితే నేనే వచ్చి తిడతాను."

నా పక్కన కూర్చున్న కోడలు, అది ఆసుపత్రన్నది మర్చిపోయి, కుర్చీలోంచి లేచి రెండు పిడికిళ్ళూ పైకెత్తి గెంతింది. బయట బల్ల మీద ఉన్నవాళ్ళు తొంగి చూశారు. నేనూ గెంతాను. గెంతగలిగాను.

ఆ కబురు మా ఊరు చేరడానికి ఫెర్రీ అక్కర్లేకపోయింది. ఆ వచ్చే ఆదివారానికి మా సందులోంచి షుగరున్న ముగ్గురు ఆడవాళ్ళు, షుగరు లేకపోయినా పొట్టలున్న మరో ఇద్దరు, కొడుకుల టీ షర్టులు తొడుక్కుని ఇసుక మలుపుకి వచ్చారు. మా కోడలు రాయెక్కి నాలుగు వైపులా చూసి, మెడలో ఈల ఊది అందర్నీ వరసలో నిలబెట్టింది. నన్ను చూపించి, "యే మేరీ సాస్ హైఁ. మా అత్తగారు. ఈవిడ చేసింది, మీరూ చేస్తారు" అంది.

మరో పదిహేను రోజులకి మా ఆయన తనంతట తాను డాక్టరమ్మ దగ్గరికి పోయాడు. ఆయనకి షుగరు ఇంకా రాలేదు గానీ వచ్చే దారిలో ఉందట, పొట్ట కూడా దారి చూపిస్తోందట. "నాకు ఈత పుట్టుకతోనే వచ్చు గదా" అని వాదించాడట. "పడవలో కూర్చుంటే ఈత కొట్టినట్టు కాదు" అని పంపించేసింది.

ఆదివారం పొద్దున్న చొక్కా విప్పి, లుంగీ ఎగ్గట్టి మలుపు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. నీళ్ళల్లో ఉన్న ఆడవాళ్ళంతా ఒక్కసారి గొల్లుమన్నారు.

"ఏటి బావా, ఎక్కడికి?"

"నేనూ దిగుతానే."

"ఆదివారం ఆడోళ్ళది. నువ్వు సోమవారం రా."

"సోమవారం ఈల ఊదేదెవరు?"

మా కోడలు నన్ను చూసింది. నేను మొహం మీది నీళ్ళు తుడుచుకుని, "నేను" అన్నాను.